ఇల్లు పని మధ్యలో ఆగిందా? మేస్త్రీని తిట్టే ముందు ఇవి చూడండి

హన్మకొండ, కాజీపేట, పరకాల, ఎక్కడ సైటుకు పిలిచినా ముందు వినపడేది ఒకటే మాట: "స్లాబు పడి మూడు నెలలైంది, ఇల్లు అక్కడే ఉంది. ఫోన్ చేస్తే మేస్త్రీ ఎల్లుండి వస్తా అంటున్నడు." ఓనరు అప్పటికే మేస్త్రీతో గొడవ పడి ఉంటాడు. లోన్ వడ్డీ ఒకవైపు, కిరాయి ఇల్లు ఒకవైపు, ఆ టెన్షన్ నాకు తెలుసు. కానీ గొడవకు ముందు చేయాల్సిన పది నిమిషాల పని ఒకటుంది, దాన్ని దాదాపు ఎవరూ చేయడం లేదు.

సైటుకు వెళ్లండి. ఇప్పుడు ఏ పని మొదలు కావాలో ఆ చోట నిలబడి మూడు విషయాలు చూడండి. దానికి ముందు కావాల్సిన పని పూర్తయిందా? సామాను సైటులో దిగిందా? కొలతలు, డిజైను మీరు ఖరారు చేసి చెప్పారా? ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా మేస్త్రీ వచ్చి చేసేదేమీ లేదు. నేను చూసిన సైట్లలో ఎక్కువగా లేనిది మూడోది, అంటే ఓనరు చెప్పాల్సిన మాట.

లక్షణం: ప్లాస్టరింగ్ మొదలు కావడం లేదు, సుతారి వాళ్లు (ఇటుక, ప్లాస్టరింగ్ పని చేసేవాళ్లు) వేరే సైటుకు వెళ్లిపోయారు

అసలు కారణం చాలాసార్లు రెండు నెలల కింద జరిగి ఉంటుంది. నేను దెబ్బతిన్నది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

హన్మకొండలో 200 గజాల్లో ఒక ఇల్లు. పిల్లర్లు, స్లాబు అనుకున్న టైముకే అయ్యాయి. ఇటుక పని మొదలైంది. గోడలు నడుము ఎత్తుకు వచ్చాక సుతారి మేస్త్రీ నా దగ్గరికి వచ్చి, "దర్వాజలు ఏవి సార్?" అన్నాడు. ఓనరును అడిగితే, చెక్క ఇంకా సామిల్లులోనే ఉందన్నాడు. టేకా, వేపా అని ఇంట్లో మాట తెగలేదట. చెక్క కోయించి, వడ్రంగి కూర్చుని ఫ్రేములు చేసేసరికి 12 రోజులు పోయాయి. అప్పుడు పంతులుగారిని అడిగితే, మూఢం మొదలైంది, ప్రధాన దర్వాజకు ముహూర్తం లేదన్నారు. శుక్ర మూఢం వస్తే రెండు నెలలు కూడా దాటుతుంది.

ఎనిమిది మంది సుతారి వాళ్లు ఎన్ని రోజులని ఖాళీగా కూర్చుంటారు? కూలి పడకపోతే ఇల్లు గడవదు. కాజీపేటలో ఇంకో పని ఒప్పుకుని వెళ్లిపోయారు. ఆ పని పూర్తయ్యేదాకా తిరిగి రారు, రమ్మనడం న్యాయం కూడా కాదు. వాళ్లు లేక గోడలు పైకి లేవలేదు. గోడలు లేకపోతే కరెంటు అతను జిర్రీలు (వైరు పైపుల కోసం గోడలో కొట్టే గాళ్లు) ఎక్కడ కొడతాడు, బోర్డు బాక్సులు ఎక్కడ పెడతాడు? జిర్రీలు కొట్టి, బాత్రూం పైపులు వేసి, నీళ్ల ప్రెషర్ పెట్టి చూడనిదే ప్లాస్టరింగ్ పెట్టకూడదు. ప్లాస్టరింగ్ లేనిదే టైల్స్ లేవు, పుట్టీ లేదు. 12 రోజుల చెక్క ఆలస్యం మూడు నెలలకు పైగా తినేసింది. ఆ ఓనరు ఇప్పటికీ "ప్లాస్టరింగ్ మేస్త్రీ మోసం చేశాడు" అనే చెప్తాడు. నాకు బాధ కలిగేది అందుకే. తప్పు నాది కూడా. స్లాబు రోజే దర్వాజల మాట నేను అడగాల్సింది.

ఒకదాని మీద ఒకటి ఆధారపడిన ఇలాంటి పనుల గొలుసుల్లో అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టేదాన్ని ఇంజనీర్లు క్రిటికల్ పాత్ అంటారు. 1957లో అమెరికాలో డ్యూపాంట్ అనే కెమికల్ కంపెనీ తన ఫ్యాక్టరీ పనుల కోసం, రెమింగ్టన్ ర్యాండ్ అనే కంప్యూటర్ల కంపెనీతో కలిసి తయారు చేయించుకున్న పద్ధతి ఇది. పెద్ద ప్రాజెక్టులకు కంప్యూటర్ కావాలి, మన జీ ప్లస్ వన్ ఇంటికి నోటుబుక్కు చాలు. ఈ గొలుసులో ఉన్న పని ఒక రోజు వెనక్కి పోతే గృహప్రవేశం కూడా ఒక రోజు వెనక్కి పోతుంది. కాంపౌండ్ గోడ లాంటివి దీని బయట ఉంటాయి, వారం అటూ ఇటూ అయినా నష్టం లేదు. మనవాళ్లు మాత్రం కాంపౌండ్ గోడ గురించి రోజూ ఫోన్ చేస్తారు, దర్వాజల గురించి ఒక్కసారి కూడా అడగరు.

ఇంకా మొదలుపెట్టని వాళ్లకు పరిష్కారం: బేస్‌మెంట్ పూర్తయిన రోజే చెక్క సంగతి తేల్చండి. ఆ వారమే పంతులుగారి దగ్గరికి వెళ్లి ప్రధాన దర్వాజకు రెండు ముహూర్తాలు రాయించుకోండి, ఒకటి తప్పితే ఇంకోటి ఉంటుంది. ఆషాఢం, మూఢం ఎప్పుడున్నాయో క్యాలెండర్ మీద గీత పెట్టుకోండి. పచ్చి చెక్క కొనకండి. అది గోడలో కూర్చున్నాక ఎండి వంకర పోతుంది, తలుపు పట్టేస్తుంది. ఫ్రేము సైటుకు రాగానే టేపుతో పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు, తర్వాత పై కుడి మూల నుంచి కింది ఎడమ మూలకు కొలవండి. రెండు కొలతలూ ఒకటే రావాలి. తేడా ఉంటే వడ్రంగి ఉండగానే సరిచేయించండి. గోడకు ఆనే వైపు చెదలు పట్టకుండా మందు లేదా తారు పూయించాకే నిలబెట్టండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు సుతారి వాళ్లను పంపించేయకండి. ప్రధాన దర్వాజ ఉన్న గోడ ఒక్కటే వదిలేసి మిగతావన్నీ లేపించండి. లోపలి గదుల దర్వాజలకు ముహూర్తం పట్టింపు లేదని చాలా ఇళ్లలో ఒప్పుకుంటారు, పెద్దవాళ్లను ఒకసారి అడిగి చూడండి. ఆ ఫ్రేములు కూడా రాకపోతే కొలత ప్రకారం ఖాళీ వదిలి గోడ కట్టించి, తర్వాత ఫ్రేము బిగించొచ్చు. కరెంటు అతను పూర్తయిన గదుల్లో జిర్రీలు మొదలుపెడితే మీ గొలుసు తెగదు.

లక్షణం: డబ్బు అయిపోయింది, పని సగమే అయింది

గుత్త (కాంట్రాక్టు) మాట్లాడినప్పుడు చదరపు అడుగు రేటు ఒక్కటే మాట్లాడుకుని ఉంటారు. సజ్జలు, మెట్ల గది, సంపు, పిట్టగోడ అందులో ఉన్నాయా లేవా అనేది కాగితం మీద రాసుకుని ఉండరు. ఇప్పుడవన్నీ "ఎక్స్‌ట్రా" అయ్యాయి. ఈ రోజే కూర్చుని మిగిలిన పనుల జాబితా రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. ఇకముందు డబ్బు పని దశను బట్టే ఇవ్వండి. పండక్కి అడ్వాన్స్ ఇవ్వడం మంచిదే, పనిని మించి ఇవ్వకండి.

లక్షణం: స్లాబు కింద సన్న పగుళ్లు, లేదా మధ్యలో కొంచెం కుంగినట్టు ఉంది

సెంట్రింగ్ (స్లాబు పోయడానికి కింద పెట్టే రేకులు, కర్రలు) ఎప్పుడు విప్పారో అడగండి. సెంట్రింగ్ అతనికి రేకులు, కర్రలు ఇంకో సైటుకు కావాలి, తొందర పెడతాడు. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, బీముల లేదా గోడల మధ్య దూరం 4.5 మీటర్ల లోపు ఉన్న స్లాబుకు కింది కర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. బీములకు 6 మీటర్ల దాకా 14 రోజులు, ఆ పైన 21. ఇవి మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటుకు చెప్పినవి, మన దగ్గర ఎక్కువగా వాడే పీపీసీకి (బూడిద లాంటివి కలిపిన, మెల్లగా గట్టిపడే సిమెంటు) ఇంకొన్ని రోజులు ఆగడమే మంచిది. క్యూరింగ్, అంటే కాంక్రీటును తడిగా ఉంచడం, ఓపీసీకి కనీసం 7 రోజులు, పీపీసీకి 10. మే నెల ఎండలో పొద్దున, సాయంత్రం పైపుతో తడిపితే మధ్యాహ్నానికే ఆరిపోతుంది. మడులు కట్టి నీళ్లు నిలబెట్టండి. కుంగడం కనిపిస్తే మాత్రం పైన ఇటుకలు కూడా పెట్టకుండా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.

మిగతావి

వానాకాలంలో ఇసుక దొరకదు, వాగులు నిండక ముందే దింపించుకోండి. మేడారం జాతర ఏడాది మాఘ పౌర్ణమి వారం సైటుకు ఎవరూ రారు, ఆ రోజులు ముందే లెక్కలో తీసేయండి. నల్లరేగడిలో పునాది కదలడం, పక్కింటివాళ్లతో హద్దు తగాదా, పర్మిషన్ చిక్కు లాంటివి ఉంటాయి గానీ అరుదు, వాటికి ఇంజనీరో వకీలో కావాలి. పైన చెప్పిన మూడు లక్షణాలూ చూడకుండా వాటి దాకా వెళ్లకండి.

ఈ సాయంత్రం సైటుకు వెళ్తే వడ్రంగి నంబరు, ఇంటి ప్లాను వెంట పట్టుకెళ్లండి.