అన్ని పరికరాల్లోనూ అందుబాటులో ఉండే నోట్స్ యాప్‌ను ఎంచుకోవడం
యాప్‌ను వెతికే ముందు మీరు రోజూ వాడే పరికరాలను చూసుకోండి. ఫోను ఆండ్రాయిడ్, కంప్యూటర్ విండోస్ అయితే యాపిల్ నోట్స్ ఎంత బాగున్నా మీకు సరిపడదు. ఉచిత ఖాతా పరిమితులనూ చదవాలి: ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాను 50 నోట్స్‌కు కుదించింది.

అన్నిటికంటే ముఖ్యమైనది, నా దృష్టిలో, రాసుకున్నదంతా మన చేతిలోనే ఉండడం. అబ్సిడియన్ అనే యాప్ మీ రాతలను పరికరంలోనే మార్క్‌డౌన్ ఫైళ్లుగా, అంటే చిన్న గుర్తులతో కూడిన మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా, ఉంచుతుంది కనుక, రేపు ఆ యాప్ మూతపడినా అవి ఏ టెక్స్ట్ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటాయి. జోప్లిన్ అనే మరో యాప్‌లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరూ చదవలేని విధంగా రాతలను సంకేతాలుగా మార్చే) సదుపాయం ఉంది.

నిర్ణయించుకునే ముందు ఇంటర్నెట్ ఆపి, ఒకే నోట్‌ను రెండు పరికరాల్లో వేర్వేరుగా మార్చి, మళ్లీ కనెక్ట్ చేసినప్పుడు రెండు మార్పులూ నిలిచాయో, ఒకటి మరొకదానిని చెరిపేసిందో గమనించండి.