గోల్ఫ్ రాకపోయినా సెయింట్ ఆండ్రూస్‌ చూసి రావడం ఎలా?

స్కాట్లండ్ తూర్పు తీరంలో, ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న సెయింట్ ఆండ్రూస్ పేరెత్తితే "మనకు గోల్ఫ్ రాదు కదా, అక్కడికి వెళ్ళి ఏం చేస్తాం?" అనేవాళ్ళే ఎక్కువ. అలాంటివాళ్ళకు ఆ ఊళ్ళో ఒక మంచి ఏర్పాటు ఉంది. దేశదేశాల ఆటగాళ్ళు ఒక్కసారైనా ఆడాలని తపించే ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానంలో ఆదివారం ఆట ఆపేస్తారు. ఆ రోజు ఆ మైదానం ఊరివాళ్ళ పార్కు. కుక్కలను తిప్పుకునేవాళ్ళు, పిల్లల చెయ్యి పట్టుకుని నడిచేవాళ్ళు, మనలాంటి యాత్రికులు, ఎవరైనా టికెట్ లేకుండా తిరగవచ్చు. అందుకని ఎడిన్‌బరోలో రెండు మూడు రోజులు ఉండేవాళ్ళు ఆదివారాన్ని ఈ ఊరికి అట్టిపెట్టుకోండి. పెద్ద పోటీలు జరిగే వారాల్లో మాత్రం ఈ వెసులుబాటు ఉండదు కాబట్టి తేదీ ముందే సరిచూసుకోవాలి.

1. వీసా, బట్టలు

స్కాట్లండ్‌కు ప్రత్యేకంగా వీసా లేదు, బ్రిటన్ విజిటర్ వీసా చాలు. యూరప్ యాత్రకు తీసుకున్న షెంగెన్ వీసా ఇక్కడ చెల్లదు. వేసవిలో వెళ్ళినా గాలిని ఆపే జాకెట్ ఒకటి ఉండాలి. గొడుగు మోసుకెళ్ళినా ఆ సముద్రపు గాలికి తిరగబడిపోతుంది. తలకు టోపీ ఉన్న వానకోటే నయం. ఒక్కోసారి ఎండ కాస్తుండగానే సముద్రం మీది నుంచి తెల్లటి పొగమంచు కమ్ముకొస్తుంది. దాన్ని అక్కడివాళ్ళు 'హార్' అంటారు.

2. రైల్లో కుడివైపు కూర్చోండి

సెయింట్ ఆండ్రూస్‌కు రైలు లేదు. ఉన్న స్టేషన్‌ను 1969లో మూసేశారు. ఎడిన్‌బరో వేవర్లీ స్టేషన్‌లో డండీ లేదా అబర్డీన్ వైపు వెళ్ళే రైలెక్కి, సుమారు గంట ప్రయాణం తర్వాత లూకర్స్‌లో దిగాలి. టికెట్ మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలను చూసి 'ల్యూచార్స్' అని చదివితే ఎవరికీ అర్థం కాదు, 'లూకర్స్' అనండి. అక్కడి నుంచి ఊరు ఎనిమిది కిలోమీటర్లు. స్టేషన్ బయటే 99 నంబరు బస్సు దొరుకుతుంది.

రైల్లో కుడివైపు కిటికీ పక్కన చోటు చూసుకోండి. 1890లో కట్టిన ఎర్రటి ఫోర్త్ ఉక్కు వంతెన దాటాక చాలాసేపు సముద్రం ఆ పక్కనే వస్తుంది.

3. ముందుగా మైదానం

బస్సు దిగి సముద్రం వైపు నడిస్తే 1854 నాటి రాతి క్లబ్బు భవనం కనిపిస్తుంది. దాని ముందునుంచే ఓల్డ్ కోర్సు మొదలవుతుంది. మొదటిసారి చూసినవాళ్ళకు కాస్త నిరాశ కలగడం సహజం. చెట్లు లేవు, చెరువులు లేవు, ఎగుడుదిగుడుగా ఉన్న పచ్చిక, మధ్యమధ్యలో ఇసుక గుంటలు. ఇసుక నేల కాబట్టి వ్యవసాయానికి పనికిరాలేదు, అందుకే ఆటకు మిగిలింది. 1552లో ఆర్చిబిషప్పు రాసిచ్చిన పత్రంలో ఈ నేల మీద గోల్ఫ్ ఆడుకునే హక్కు ఊరి ప్రజలదేనని ఉంది. కుందేళ్ళు పెంచుకునే హక్కు గురించి కూడా అదే పత్రంలో ఉంది! గోల్ఫ్‌కు పద్దెనిమిది గుంటలనే (బంతిని వెయ్యాల్సిన 'హోల్స్') లెక్క కూడా ఇక్కడిదే. అంతకుముందు ఇక్కడ ఒక ఆటకు ఇరవై రెండు ఉండేవి. 1764లో పొట్టి దూరాలను కలిపేసి పద్దెనిమిదికి కుదించారు.

కాసేపు నడిస్తే స్విల్కన్ వంతెన వస్తుంది. ఫొటోల్లో ఎంతో గొప్పగా కనిపించే ఈ వంతెన, దగ్గరికి వెళ్తే మన ఊళ్ళో పంటకాలువ మీది కల్వర్టంత ఉంటుంది. నాలుగడుగుల్లో దాటేయవచ్చు. ఒకప్పుడు గొర్రెల కాపరులు మందను వాగు దాటించడానికి కట్టుకున్నదని చెబుతారు. ఫొటో కోసం వరుస ఉంటుంది, ఓపిక పట్టండి. ఇసుక గుంటల్లోకి, గుంటల చుట్టూ ఉండే నున్నటి పచ్చిక, అంటే 'గ్రీన్ల' మీదికి మాత్రం దిగకండి.

బంతిని కొట్టి చూడాలని ఉంటే పక్కనే 'హిమాలయాస్' ఉంది. పేరు చూసి భయపడకండి, చిన్న చిన్న పచ్చిక దిబ్బల మధ్య బంతిని గుంటలోకి నెట్టే ఆట. కొద్దిపాటి రుసుముతో పిల్లలూ పెద్దలూ ఆడవచ్చు. బయటివాళ్ళను ఏ వేళల్లో రానిస్తారో ముందే చూసుకోండి. దీన్ని నడిపే మహిళల క్లబ్బు 1867లో మొదలైంది. ఆడవాళ్ళు కర్రను భుజం దాటి పైకెత్తడం మర్యాద కాదని అనుకున్న కాలం అది. మైదానం ముందున్న ఆ రాతి క్లబ్బులో ఆడవాళ్ళను సభ్యులుగా చేర్చుకోవడానికి 2014 దాకా పట్టింది.

నిజంగా ఓల్డ్ కోర్సులోనే ఆడతామంటే ఆదివారం కుదరదు. ఆటలో మన స్థాయిని చూపే హ్యాండిక్యాప్ పత్రం ఉండాలి, రెండు రోజుల ముందు పేరిచ్చి లాటరీలో గెలవాలి, వేసవిలో మనిషికి 300 పౌండ్లకు పైగా కట్టాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు తొమ్మిది గుంటల బాల్గోవ్ కోర్సు చాలు.

4. కెథడ్రల్ శిథిలాలు

ఊళ్ళోని మూడు పెద్ద వీధులూ తూర్పున ఒక్కచోటికే చేరతాయి. అక్కడున్నది ఒకప్పుడు స్కాట్లండ్‌లోకెల్లా పెద్దదైన కెథడ్రల్ (బిషప్పు పీఠమున్న చర్చి). 1158లో పని మొదలైతే 1318లో ప్రతిష్ఠ జరిగింది. 1559లో, క్యాథలిక్ చర్చికి ఎదురుతిరిగిన మతసంస్కరణ అల్లర్లలో దెబ్బతిని, ఆ తర్వాత పాడుబడింది. ఇప్పుడు మిగిలింది మొండిగోడలు, ఆకాశం.

దాని శ్మశానంలో టామ్ మోరిస్ తండ్రీకొడుకుల సమాధులు వెతకండి. తండ్రి ఓల్డ్ కోర్సును ఏళ్ళ తరబడి సాకినవాడు, 'ఓపెన్' అనే పెద్ద గోల్ఫ్ పోటీ నాలుగుసార్లు గెలిచినవాడు. కొడుకూ నాలుగుసార్లు గెలిచాడు, అదీ వరుసగా. 1875 సెప్టెంబరులో వేరే ఊళ్ళో ఆడుతుండగా ప్రసవంలో భార్య పరిస్థితి బాగాలేదని కబురు వచ్చింది. పడవలో బయలుదేరాడు గానీ ఆమె దక్కలేదు. ఆ క్రిస్మస్ రోజున అతడూ పోయాడు, వయసు 24. గోడకు చెక్కిన శిల్పంలో టోపీ పెట్టుకుని, బంతి మీదికి వంగి, కొట్టబోతున్నట్టే ఉంటాడు. తండ్రి 1908 దాకా బతికాడు. నాకైతే ఈ ఊళ్ళో అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడాల్సిన చోటు ఇదే.

5. కోట, విశ్వవిద్యాలయం

సముద్రం అంచున ఉన్న కోటలో 1546-47 ముట్టడి నాటి సొరంగాలున్నాయి. బయటివాళ్ళు లోపలికి తవ్వుతుంటే, లోపలివాళ్ళు ఆ చప్పుడును బట్టి ఎదురు తవ్వారు. నడుము నొప్పి ఉన్నవాళ్ళు దిగవద్దు, లోపల వంగి నడవాలి.

విశ్వవిద్యాలయం 1413 నాటిది. నార్త్ స్ట్రీట్‌లో సెయింట్ సాల్వేటర్ ప్రార్థనాలయం ముందు రాళ్ళలో 'పీ హెచ్' అనే అక్షరాలు పొదిగి ఉంటాయి. 1528లో పాట్రిక్ హామిల్టన్‌ను మతద్రోహి అంటూ సజీవదహనం చేసిన చోటు అది. వాటి మీద కాలు పెడితే పరీక్ష తప్పుతామని విద్యార్థుల నమ్మకం. పొరపాటున తొక్కినవాళ్ళు మే 1 తెల్లవారుజామున చలి సముద్రంలో మునిగితే దోషం పోతుందట.

6. మద్రాసు పేరున్న బడి

సౌత్ స్ట్రీట్‌లో ఒక పాడుబడిన చిన్న చర్చి వెనక రాతి భవనం ఉంది. 1833లో మొదలైన మద్రాస్ కాలేజీ మొదటి చిరునామా అదే. ఈ ఊరి మంగలి కొడుకు ఆండ్రూ బెల్ మన చెన్నపట్నంలో, ఎగ్మూరులోని అనాథ బాలుర బడిని చూసుకునేవాడు. వీధిబడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి తన బడిలోనూ అలాగే పెట్టించాడు, పాఠం వచ్చిన పిల్లవాడే రాని పిల్లవాడికి నేర్పే పద్ధతిని తయారుచేశాడు. ఇంగ్లండులో అది 'మద్రాస్ పద్ధతి'గా పాకింది. చివరికి తన ఆస్తిలోంచి సొంత ఊరికి ఈ బడి ఇచ్చాడు. గోల్ఫ్ కోసం వచ్చేవాళ్ళు దీని ముందునుంచే చూడకుండా వెళ్ళిపోతారు.

7. తిండి, తిరుగు ప్రయాణం

శాకాహారులు చిప్స్ కొనేముందు ఏ నూనెలో వేయించారో అడగండి. స్కాట్లండ్‌లో చాలా దుకాణాలు గొడ్డుకొవ్వు వాడతాయి. సౌత్ స్ట్రీట్‌లో 1908 నుంచి ఉన్న జన్నెట్టాస్ ఐస్‌క్రీం దుకాణం దగ్గర వరుస పొడవుగానే ఉంటుంది. కొనుక్కుని వెస్ట్ సాండ్స్ తీరానికి నడవండి, కానీ కప్పును చేత్తో మూసుకోండి. గాలికి ఇసుక ఎగురుతుంది. ఆదివారం బస్సులు తక్కువ, కాబట్టి లూకర్స్‌లో తిరుగు రైలు ఎన్నింటికో పొద్దున దిగినప్పుడే రాసుకోండి.