‘ప్రయోగాత్మకం’ అని రాసే ముందు: ఒప్పందంలో ఆ మాటకు హద్దులు గీయడం ఎలా

తెలుగులో ‘ప్రయోగం’ అనే మాటకు రెండు ముఖాలున్నాయి. ప్రయోగశాలలో చేసేదీ ప్రయోగమే, ఉపగ్రహాన్ని కక్ష్యలోకి పంపేదీ ప్రయోగమే, వ్యాకరణంలో ఒక పదాన్ని వాడడమూ ప్రయోగమే. ఒకటి పనిచేస్తుందో లేదో చూడడం, మరొకటి నిజంగా పనిలో పెట్టడం. వార్తలో ‘ప్రయోగాత్మకంగా అమలు’ అని చదివితే ఏది ఉద్దేశమో సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఒప్పందంలో ఆ వెసులుబాటు లేదు. వివాదం వచ్చేనాటికి సందర్భం తెలిసిన వాళ్లు ఉద్యోగాలు మారిపోయి ఉంటారు. కాగితం ఒక్కటే మిగులుతుంది.

సాంకేతిక ఒప్పందాల ముసాయిదాలు రాయడం, ఎదుటి పక్షం పంపినవి చదివి సరిదిద్దడం ఇరవై ఏళ్లుగా నా వృత్తి. ఈ ఒక్క మాట మీద ఇంత పట్టుదల నాకు ఎందుకు వచ్చిందో ముందు చెబుతాను.

నేల కింది పైపుల్లో లీకేజీని పసిగట్టే పరికరాల ఒప్పందం అది. ఒక పెద్ద భవన సముదాయంలో 12 పరికరాలు పెట్టి మూడు నెలలు చూద్దాం అనుకున్నారు. ఒప్పందంలో ఉన్నది ఒకే వాక్యం: “ఇది ప్రయోగాత్మక సాంకేతికత కాబట్టి దీని పనితీరుకు సరఫరాదారు పూచీ వహించరు.” వాడుకునే పక్షం తరఫున ఆ వాక్యం చదివి సరేనన్నది నేనే. మూడు నెలలు గడిచాయి. పరికరాలు బాగానే పనిచేస్తున్నాయి కదా అని ఎవరూ ఆపలేదు. నాలుగో నెల నుంచి బిల్లులు వచ్చాయి, చెల్లింపులూ జరిగాయి. ఆరో నెలలో రాత్రి గస్తీ మానేశారు. పద్నాలుగో నెలలో ఒక రాత్రి పైపు పగిలింది. పరికరం హెచ్చరించలేదు. నేలమాళిగలోని విద్యుత్ ప్యానెళ్లు నీట మునిగాయి.

‘ఇది ఇంకా ప్రయోగాత్మకమే, ఒప్పందంలో రాసి ఉంది’ అన్నారు సరఫరాదారు. ‘పది నెలలుగా నెలనెలా డబ్బు తీసుకుంటున్నారు, ఇక ప్రయోగమేమిటి’ అన్నారు మా వాళ్లు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఏ రోజుతో ప్రయోగం ముగిసిందో చెప్పే వాక్యం మాత్రం ఆ కాగితంలో లేదు. అది లేకపోవడానికి కారణం నేను.

ఆ తర్వాత నాకు అర్థమైంది ఇది: ‘ప్రయోగాత్మకం’ అనేది వస్తువుకు పుట్టుకతో వచ్చే గుణం కాదు. కొంత కాలం పాటు, ఒక పని కోసం, కొన్ని షరతుల మీద దానికి ఇచ్చే హోదా. హోదా అన్నాక ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు పోతుందో రాసి తీరాలి.

చట్టాలు ఈ పని ఎలా చేస్తున్నాయో చూడండి

ముసాయిదా రాయడానికి కూర్చునే ముందు నాలుగైదు నియంత్రణ నిబంధనలు చదవడం మంచి అలవాటు. బాగా రాసిన నిబంధన ఏదీ ‘ఇంకా పూర్తిగా అభివృద్ధి చెందనిది’ లాంటి మాటతో సరిపెట్టుకోదు. పట్టుకుని కొలవగలిగిన ఆనవాలు ఒకటి ఎంచుకుంటుంది.

అమెరికా విమానయాన నియమాలు ఎంచుకున్న ఆనవాలు ప్రయోజనం. విమానానికి ‘ప్రయోగాత్మక’ ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు అది ఎంత కొత్తది అని అడగరు, దేనికోసం ఎగురుతుంది అని అడుగుతారు. పరిశోధన, అభివృద్ధి కోసమా, సిబ్బంది శిక్షణ కోసమా, ప్రదర్శన కోసమా, పందెం కోసమా, సొంతంగా తయారు చేసుకున్నదా? అందుకే దశాబ్దాల నాటి పాత విమానం కూడా ప్రదర్శనలకు ఎగిరితే ఆ వర్గంలోకి రావచ్చు. ఆ హోదాతో పాటు ఆంక్షలూ వస్తాయి. అద్దెకు మనుషులనూ సరుకునూ మోయడం సాధారణంగా నిషిద్ధం. ఎక్కే ప్రతి ఒక్కరికీ అది ప్రయోగాత్మక విమానమని చెప్పాలి. ప్రవేశ ద్వారం దగ్గర ఆ మాట 2 అంగుళాలకు తగ్గని, 6 అంగుళాలకు మించని అక్షరాలతో కనిపించాలి. అక్షరాల ఎత్తు దాకా రాయడం నాకు చాలా నచ్చింది. హెచ్చరిక అన్నది చదవగలిగే పరిమాణంలో ఉన్నప్పుడే హెచ్చరిక.

ఐరోపా సమాఖ్య రసాయనాల నియంత్రణ చట్టం, రీచ్, పరిమాణాన్ని పట్టుకుంది. శాస్త్రీయ పరిశోధన అంటే నియంత్రిత పరిస్థితుల్లో, ఏడాదికి ఒక టన్ను కన్నా తక్కువ పదార్థంతో చేసేది. పరిశోధకుడి ఉద్దేశం ఎంత గొప్పదైనా టన్ను దాటితే ఆ నిర్వచనంలోకి రాదు. అదే సమాఖ్య 2024 నాటి కృత్రిమ మేధ చట్టంలో కాలాన్నీ చోటునూ పట్టుకుంది. మార్కెట్లోకి రాకముందు జరిగే పరిశోధన, పరీక్షలు ఆ చట్టం పరిధిలోకి రావు. కానీ నిజ జీవిత పరిస్థితుల్లో, మనుషుల మధ్య చేసే పరీక్షకు ఆ మినహాయింపు లేదు. అధిక ముప్పు ఉన్న వ్యవస్థలను నియంత్రిత శాండ్‌బాక్స్, అంటే అధికారుల పర్యవేక్షణలో పరీక్షించే ఏర్పాటు, బయట అలా పరీక్షిస్తే గరిష్ఠంగా 6 నెలలు. ముందుగా తెలిపి, కారణం వివరిస్తే మరో 6 నెలలు. ప్రయోగశాల గడప దాటితే లెక్క మారుతుందని ఇంత స్పష్టంగా చెప్పిన నిబంధనలు తక్కువ.

అమెరికాలో ప్రయోగాత్మక రేడియో లైసెన్సుది ఇంకో దారి. అక్కడ హోదా అంటే ఇతరులతో పోలిస్తే నీ స్థానం ఏమిటన్నది. నీ ప్రసారం లైసెన్సు ఉన్న ఇతరులకు హానికరమైన అంతరాయం కలిగించకూడదు, వాళ్ల వల్ల నీకు అంతరాయం వస్తే భరించాలి.

ముగింపును బాగా పట్టుకున్నది మాత్రం ప్రపంచ వాణిజ్య సంస్థ ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందం. పరిశోధన కోసం తయారు చేయించుకునే నమూనాను బహిరంగ పోటీ లేకుండా కొనవచ్చని అది అనుమతిస్తుంది. క్షేత్ర పరీక్షల ఫలితాలను జోడించడానికి పరిమిత సంఖ్యలో చేసే ఉత్పత్తిని కూడా ఇందులో చేర్చవచ్చు. వ్యాపారపరంగా గిట్టుబాటు తేల్చుకోవడానికో, పరిశోధన ఖర్చులు రాబట్టుకోవడానికో చేసే భారీ ఉత్పత్తి ఇందులోకి రాదు. ఈ ఒక్క గీత ఎన్ని వివాదాలను ఆపగలదో ఊహించండి.

‘కొత్త’ అనే మాటతోనూ జాగ్రత్త. భారతదేశపు 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం చాలా మందులు అనుమతి వచ్చిన తేదీ నుంచి నాలుగేళ్ల పాటు ‘కొత్త ఔషధాలు’గా ఉంటాయి. టీకాలు, జన్యు చికిత్స ఉత్పత్తుల వంటి కొన్ని రకాలు ఎప్పటికీ కొత్తవే. నిఘంటువులోని కొత్తదనం వేరు, నియమంలోని కొత్తదనం వేరు. అందుకే మీ రంగంలో చట్టం ఇచ్చిన నిర్వచనం ఉంటే దాన్ని మీ మాటల్లో తిరగరాయకండి. ఫలానా చట్టం, ఫలానా నియమం, ఇకపై వచ్చే సవరణలతో సహా, అని దాన్నే చూపండి. ఆ ‘సవరణలతో సహా’ ఉండాలా వద్దా అన్నది మాత్రం ఇరుపక్షాలూ మాట్లాడుకుని తేల్చుకోవాలి.

ఒక నిర్వచనాన్ని విప్పి మళ్లీ కడదాం

నా బల్ల మీదకు తరచూ వచ్చే వాక్యం ఇది: “‘ప్రయోగాత్మక సాంకేతికత’ అంటే ఇంకా పూర్తిగా అభివృద్ధి చెందని, వాణిజ్యపరంగా నిరూపితం కాని సాంకేతికత మొదలైనవి.”

ఒక్కో మాటనూ నిలదీయండి. ‘పూర్తిగా’ అంటే ఎవరి లెక్కలో? సాఫ్ట్‌వేర్ ఎన్నటికీ పూర్తి కాదు, వచ్చే నెల మరో వెర్షన్ వస్తుంది. ‘నిరూపితం’ అంటే ఎవరికి, ఏ పరీక్షతో? ‘సాంకేతికత’ అంటే పరికరమా, అందులోని సాఫ్ట్‌వేరా, వెనక ఉన్న ఆలోచనా? చివరి ‘మొదలైనవి’ అయితే తలుపును బార్లా తెరిచి పెడుతుంది. తెలుగులో రాసే ఒప్పందాల్లో ‘మొదలగునవి’, ‘వంటివి’, ‘తదితర’ అలవాటుగా వచ్చేస్తాయి. వ్యాసంలో అవి అందమే, నిర్వచనంలో చిల్లులు. ‘అంటే’ అని రాస్తే జాబితా అక్కడితో మూసినట్టు. ‘ఇవి కూడా చేరతాయి’ అని రాస్తే తెరిచి ఉంచినట్టు. ఏది కావాలో తేల్చుకుని ఒకటే రాయండి.

ఆ పైపుల ఒప్పందాన్ని ఇవాళ రాయాల్సి వస్తే నేను ఇలా రాస్తాను:

“‘పరీక్షా వ్యవస్థ’ అంటే అనుబంధం 1లో వరుస సంఖ్యలతో నమోదైన 12 పరికరాలు, వాటిలో నడిచే 0.8 వెర్షన్ సాఫ్ట్‌వేర్. అనుబంధం 2లోని ప్రశ్నలకు జవాబు తేల్చడానికి, అనుబంధం 3లో చూపిన చోట్ల, అమర్చిన తేదీ నుంచి 90 రోజుల లోపల నడిపినంత మేరకే వీటికి పరీక్షా హోదా ఉంటుంది.”

‘సాంకేతికత’ పోయి ‘వ్యవస్థ’ వచ్చింది, ఎందుకంటే వ్యవస్థను వేలు పెట్టి చూపవచ్చు. ‘ప్రయోగాత్మక’ పోయి ‘పరీక్షా’ వచ్చింది, రెండర్థాల బెడద తప్పింది. అనుబంధం 2 గురించి ఒక మాట. అక్కడ నిజమైన ప్రశ్నలు ఉండాలి: ‘నిమిషానికి ఇన్ని లీటర్ల లీకేజీని ఎన్ని గంటల్లో పసిగడుతుంది? తప్పుడు హెచ్చరికలు వారానికి ఎన్ని?’ అలాంటి ప్రశ్న ఒక్కటైనా రాయలేకపోతే మీరు చేస్తున్నది పరీక్ష కాదు, బాధ్యత లేని అమ్మకం. ఈ మాట నేను సరఫరాదారుల తరఫున కూర్చున్నప్పుడూ చెబుతాను.

ఇక ముగింపు:

“ఈ కిందివాటిలో ఏది ముందు జరిగితే ఆ రోజున పరీక్షా హోదా ముగుస్తుంది: 90 రోజులు పూర్తికావడం, అంగీకార పత్రం మీద ఇరుపక్షాల సంతకాలు కావడం, వాడకానికి సరఫరాదారు మొదటి బిల్లు ఇవ్వడం, పాత తనిఖీ పద్ధతిని ఆపవచ్చని సరఫరాదారు రాతపూర్వకంగా ఒప్పుకోవడం. కొత్త వెర్షన్ వేసినంత మాత్రాన 90 రోజుల లెక్క మళ్లీ మొదలు కాదు.”

దీనికి జోడుగా ఇంకో క్లాజు ఉండాలి: హోదా ఉన్నంత కాలం వినియోగదారు పాత తనిఖీని మానకూడదు. సరఫరాదారుకు దక్కాల్సిన న్యాయం అది. పరీక్షలో ఉన్నదాన్ని ఒక్కదాన్నే నమ్ముకుని గస్తీ మానేస్తే తప్పు పరికరానిది మాత్రమే కాదు. హోదా ముగిసిన మర్నాడు ఏమవుతుందో కూడా రాయండి: పరికరాలు తీసేస్తారా, మామూలు సరఫరా షరతులు అమల్లోకి వస్తాయా? ఆ మర్నాటిని ఖాళీగా వదిలినందుకే మా పద్నాలుగో నెల అలా గడిచింది.

బాధ్యత లేదనే మాటను నిర్వచనంలో దాచకండి. నిర్వచనం అదేమిటో చెప్పాలి, పూచీ ఎంతో బాధ్యతల క్లాజు చెప్పాలి. చాలామంది నిర్వచనాలను కళ్లతో దాటేస్తారు కాబట్టే కొందరు అక్కడ దాస్తారు.

మెట్ల లెక్క వాడేటప్పుడు

ఒక సాంకేతికత వాడకానికి ఎంత సిద్ధమైందో మెట్లుగా చెప్పే సాంకేతిక సంసిద్ధత స్థాయిలు, అంటే టీఆర్‌ఎల్, చాలా ఒప్పందాల్లో కనిపిస్తాయి. 1970ల్లో నాసాలో మొదలైన ఈ కొలమానానికి ఇప్పుడు 9 మెట్లు. 2013లో అంతర్జాతీయ ప్రమాణమూ వచ్చింది. ఉపయోగపడేదే, కానీ ‘టీఆర్‌ఎల్ 7 కన్నా తక్కువ’ అని రాసి వదిలేస్తే చాలదు. స్థూలంగా 6వ మెట్టు సంబంధిత పరిస్థితుల్లో చేసే ప్రదర్శన, 7వది నిజంగా పనిచేసే పరిస్థితుల్లో చేసే ప్రదర్శన. ఆ ‘పరిస్థితులు’ ఏమిటో, మెట్టు ఎక్కిందని తేల్చేది ఎవరో మీరే రాయాలి. పైగా 9వ మెట్టు చేరినంత మాత్రాన అమ్మడానికి నియంత్రణ సంస్థ అనుమతి వచ్చినట్టు కాదు. ఆ రెండింటినీ కలిపేసిన ముసాయిదాలు చాలా చూశాను.

కాగితం బయట ఉన్నవాళ్లు

మీ ఒప్పందం మీ ఇద్దరినే కట్టిపడేస్తుంది. దారిన పోయే మనిషికి దెబ్బ తగిలితే, ‘ఇది ప్రయోగాత్మకం అని మేమిద్దరం ఒప్పుకున్నాం’ అన్నది అతనికి జవాబు కాదు. ఐరోపాలో 1985 నాటి ఉత్పత్తి బాధ్యత నిర్దేశం తయారీదారుకు ఒక రక్షణ ఇచ్చింది: ఉత్పత్తిని చలామణిలోకి తెచ్చేనాటి శాస్త్ర, సాంకేతిక జ్ఞానంతో ఆ లోపాన్ని కనిపెట్టడం సాధ్యం కాలేదని చూపగలగాలి. గమనించండి, అక్కడ చూసేది మీ ఒప్పందంలోని పేరును కాదు, ఆనాటి జ్ఞానాన్ని.

బీమా పాలసీని సంతకానికి ముందే తెరవండి. నమూనా యంత్రాలకు, పరీక్షలో ఉన్న పరికరాలకు మినహాయింపు ఉన్న పాలసీలు ఉంటాయి. ఒప్పందంలో మీరే ‘ప్రయోగాత్మకం’ అని పేరు పెట్టి, పరిహారం అడిగినప్పుడు ‘కాదు, నమ్మకమైనదే’ అంటే చెల్లదు. ఆరోగ్య బీమాలో ఇది ఇంకా బాధాకరం. భారతదేశపు పాలసీల్లో ‘నిరూపితం కాని చికిత్స’కు ఒక ప్రామాణిక మినహాయింపు ఉంది: సామర్థ్యాన్ని సమర్థించే చెప్పుకోదగ్గ వైద్య ఆధారపత్రాలు లేని చికిత్స అని అర్థం. ‘చెప్పుకోదగ్గ’ అనే ఆ ఒక్క మాట దగ్గర రోగి కుటుంబం నిలబడాల్సి వస్తుంది. అలాంటి చోట ఎన్ని ఆధారాలో, ఎవరు చూడాలో రాయడానికి శ్రమపడడం మన వృత్తిధర్మం అని నేను నమ్ముతాను.

ముసాయిదా ముగిశాక నేను చేసే పని ఒకటుంది. నిర్వచించిన మాట ఒప్పందంలో ఎక్కడెక్కడ వచ్చిందో వెతికి, ప్రతి చోటా దాని స్థానంలో నిర్వచనాన్ని పెట్టి చదువుతాను. తర్వాత మూడు తేదీలు ఎంచుకుంటాను: ఒకటి అమర్చిన వారానికి, ఒకటి గడువు ముగియడానికి ముందురోజు, ఒకటి ఏడాది తర్వాత. ఒప్పందాన్ని, ఆ తేదీలను ఇరుపక్షాల నుంచి ఒక్కో ఇంజనీరుకు విడివిడిగా ఇచ్చి, ఆ రోజున ఈ పరికరం పరీక్షలో ఉన్నట్టా లేనట్టా అని అడుగుతాను. న్యాయవాదులను అడగను. ఏ ఒక్క తేదీకైనా ఇద్దరి జవాబులూ కలవకపోతే సంతకాలు వాయిదా వేసి, ముగింపు క్లాజును మళ్లీ రాస్తాను.