ఖాళీ స్థలాన్ని మెరక చేయాలంటే: విజయవాడ, గుంటూరులలో అనుమతి తెచ్చుకునే దారి

విజయవాడలోగాని గుంటూరులోగాని పల్లపు స్థలం కొన్నవారు ఇల్లు మొదలుపెట్టడానికి ముందు మట్టి తోలించి మెరక చేయించుకోవడం పరిపాటి. వీధుల్లో పాత సిమెంటు రోడ్డు మీదనే కొత్త రోడ్డు వేస్తూ పోవడం వల్ల, ఒకప్పుడు రోడ్డుకు సమానంగా ఉన్న స్థలాలు కూడా ఇప్పుడు పల్లంలో పడ్డాయి. అవసరం నిజమైనదే. అయితే టిప్పర్ యజమానితో లోడుకు ఇంత అని బేరం కుదుర్చుకుంటే పని అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటున్నారు. బండిని దారిలో ఆపి కాగితాలు అడిగినప్పుడో, పక్క స్థలం వారు నీళ్లు తమ ఇంట్లోకి వస్తున్నాయని ఫిర్యాదు చేసినప్పుడో అసలు సంగతి బయటపడుతుంది. అప్పటికి పోసిన మట్టిని వెనక్కి తీయించడం పోయించడం కంటే ఎక్కువ ఖర్చుతో కూడిన పని.

ఇది ఇంటి ప్లాను మాదిరిగా ఒకే దరఖాస్తుతో తేలే వ్యవహారం కాదు. నగరపాలక సంస్థ, జలవనరుల శాఖ, గనుల శాఖ తమ తమ పరిధిలో దీనిని చూస్తాయి. కానీ అన్నిచోట్లా అడిగేవి ప్రధానంగా రెండే విషయాలు: మీరు మెరక చేశాక వాన నీరు ఎటు పోతుంది, మీరు తెస్తున్న మట్టి ఎక్కడిది? ఈ రెండింటికీ కాగితం మీద స్పష్టమైన జవాబు చూపగలిగిన దరఖాస్తు ముందుకు కదులుతుంది.

నీటి సంగతికి ఇంత ప్రాధాన్యం ఎందుకో విజయవాడ వారికి వేరే చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద నడుస్తున్నందున బుడమేరు నీటిని కృష్ణ తీసుకోలేని పరిస్థితి ఏర్పడింది. అలాంటప్పుడు పల్లపు ఖాళీ స్థలాలే కొంత నీటిని పట్టి ఉంచుతాయి. వాటిని మెరక చేస్తే ఆ నీరు మరొకరి గుమ్మంలోకి చేరుతుంది.

ముందు స్థలం సంగతి తేల్చుకోండి

అర్జీ రాయడానికి ముందు రిజిస్టర్డ్ దస్తావేజు, లింకు దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే పత్రం), ఖాళీ స్థల పన్ను రసీదు ఒకచోట పెట్టుకోవాలి. సర్వే నంబరు నిషేధిత భూముల 22-ఏ జాబితాలో లేదని చూసుకోవాలి. వీటికంటే ముఖ్యమైనది పాత రెవెన్యూ రికార్డు. కొత్త లేఅవుట్ కాగితాలలో ప్లాటు నంబరు మాత్రమే కనిపిస్తుంది. పాత రికార్డులో అదే నేల కుంటగానో, వాగు పోరంబోకుగానో, డొంకగానో నమోదై ఉండవచ్చు. అలా ఉంటే మట్టి సంగతి పక్కనపెట్టి ముందు న్యాయవాదిని కలవడం మంచిది. సరిహద్దు మీద ఏ కొంచెం అనుమానం ఉన్నా, హద్దులు కొలిపించడానికి సచివాలయంలో ఎఫ్‌-లైన్ అర్జీ పెట్టి సర్వేయరు చేత రాళ్లు పాతించుకోవాలి. మట్టి పోసిన తరువాత పాత హద్దు రాళ్లు కనిపించవు కాబట్టి ఈ పని ముందే జరగాలి.

దగ్గరలో చెరువు, వాగు, కాలువ ఉన్నవారు 2017 నాటి రాష్ట్ర భవన నిర్మాణ నియమావళిలోని దూరాలను గుర్తుంచుకోవాలి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు పూర్తి నీటిమట్టపు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటల నుంచి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పైన కాలువ, వాగు, వరద నీటి డ్రెయిన్ల హద్దు నుంచి 9 మీటర్లు, అంతకంటే సన్నని వాటి నుంచి 2 మీటర్లు విడిచిపెట్టాలి. ఈ పట్టీలో పడే భాగానికి మెరక అనుమతి ఆశించవద్దు. అర్జీతో ఇచ్చే పటంలోనే దానిని విడిగా గీసి, అక్కడ మట్టి పోయడం లేదని రాయండి. ఏలూరు, రైవస్, బందరు కాలువల పక్కనగాని, గుంటూరు చానల్, పీకలవాగు దరిదాపుల్లోగాని స్థలం ఉంటే జలవనరుల శాఖ ఇంజనీరు నుంచి నిరభ్యంతర పత్రం తీసుకున్నాకే మిగతా పనికి పోవాలి. మీ స్థలం పక్కన ఇప్పుడు ఎండిపోయి ఉన్న పంట బోదెను కూడా తేలికగా తీసుకోకండి. పొలాలు ప్లాట్లుగా మారిన చోట వాన నీరు ఇప్పటికీ ఆ బోదెల వెంటనే నడుస్తోంది.

లెవెల్ పటం

దరఖాస్తుకు ప్రాణం ఇదే, చాలామంది జతపరచనిదీ ఇదే. లైసెన్సు ఉన్న ఇంజనీరు చేత ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవెల్‌తో తీయించుకోవడం ఉత్తమం. ముందుగా మీకు మీరే అంచనా వేసుకోవాలంటే తాపీమేస్త్రీలు వాడే నీటి గొట్టం చాలు. పారదర్శకమైన గొట్టంలో గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొసను రోడ్డు అంచున పాతిన కర్రకు, రెండో కొసను స్థలం మూలలో ఉన్న కర్రకు ఆనించి పట్టుకుంటే, రెండు కొసలలోనూ నీరు ఒకే మట్టంలో ఆగుతుంది. అక్కడ సుద్దముక్కతో గీత పెట్టి, గీత నుంచి నేల వరకు టేపుతో కొలిస్తే రెండు చోట్ల నేలకు ఉన్న తేడా అంగుళాలతో సహా తెలుస్తుంది. నాలుగు మూలలు, రోడ్డు మధ్యభాగం, మురుగు కాలువ అడుగు, ఇరుపక్కల వారి నేల, ఇవన్నీ ఇలా కొలిచి ఒక కాగితం మీద వేయాలి. ఆ పటంలోనే ఇప్పుడు నీరు పోయే దారిని ఒక రంగు బాణంతోనూ, మెరక తరువాత పోయే దారిని మరో రంగు బాణంతోనూ చూపాలి.

ఎత్తు విషయంలో ఆశ పనికిరాదు. జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం ఇంటి పీఠం (ప్లింత్) చుట్టూ ఉన్న నేల కంటే కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలి. ఆ ఎత్తు ఇంటి కట్టడంలోనే వస్తుంది కాబట్టి, స్థలమంతటినీ రోడ్డు మట్టం దాటించి నింపవలసిన అవసరం సాధారణంగా ఉండదు. 200 గజాల స్థలాన్ని 3 అడుగులు లేపాలంటే 1,800 చదరపు అడుగుల మీద 5,400 ఘనపుటడుగులు, అంటే 100 ఘనపుటడుగుల లెక్కన 54 యూనిట్లు కావాలి. దట్టించినప్పుడు మట్టి అణుగుతుంది కనుక మరో ఐదో వంతు కలిపి, సుమారు 65 యూనిట్లని అర్జీలో రాయవచ్చు.

పక్కవారితో ముందే మాట్లాడి, వీలైతే వారి సంతకంతో అంగీకార లేఖ తీసుకోండి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, పై నేల మీద సహజంగా పడిన నీరు దిగువ నేలలోకి సహజంగా పారే హక్కు పై నేల యజమానికి ఉంది. మీరు మట్టి పోసి కృత్రిమంగా పై నేలను సృష్టించినప్పుడు మాత్రం ఆ వాదన మీకు సులభంగా అండగా నిలవదు. పక్కవారి ప్రహరీకి మట్టిని ఆనించి పోయడం మరీ తప్పు. ఇటుక ప్రహరీని మట్టి ఒత్తిడిని ఆపడానికి కట్టరు. తొలి పెద్ద వానకే అది ఒరుగుతుంది. మీ హద్దులో మీరే మట్టి ఒత్తిడిని ఆపే రిటైనింగ్ గోడ కట్టి, అందులోంచి వచ్చే నీరు మీ వైపు కాలువలోకే పడేలా ఏర్పాటు చేసి, ఆ తరువాతే టిప్పర్‌ను పిలవాలి.

అర్జీ ఎవరికి, ఎలా

నగర పరిధిలో అర్జీని కమిషనర్ పేర రాసి, వార్డు సచివాలయంలోని ప్రణాళిక కార్యదర్శి ద్వారా పట్టణ ప్రణాళిక విభాగానికి పంపాలి. రోడ్డు, మురుగు కాలువల సంగతి ఇంజనీరింగ్ విభాగం చూస్తుంది కనుక మీ డివిజన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) ఒక ప్రతి ఇవ్వాలి. పంచాయతీ పరిధి అయితే పంచాయతీ కార్యదర్శిని కలిసి, స్థలం ప్రణాళికలో ఏ జోన్‌లో ఉందో సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) వద్ద తెలుసుకోవాలి. అర్జీలోని అసలు భాగం ఇలా ఉంటే సరిపోతుంది:

“పై సర్వే నంబరులోని నా 200 చదరపు గజాల ఖాళీ స్థలం రోడ్డు మట్టం కంటే సగటున 3 అడుగులు పల్లంగా ఉన్నది. దానిని రోడ్డు మట్టం వరకు మాత్రమే గ్రావెల్‌తో మెరక చేయదలచాను. ప్రస్తుతం వాన నీరు స్థలంలో నిలిచి, నిండిన తరువాత పడమటి పక్క స్థలంలోకి పొర్లుతున్నది. మెరక తరువాత తూర్పు వాలుగా రోడ్డు పక్కనున్న మునిసిపల్ కాలువలోకి పోయేలా లెవెల్ చేయిస్తాను. స్థలంలోగాని ఆనుకొనిగాని చెరువు, వాగు, బోదె లేవు. లెవెల్ పటం, ఫోటోలు జతపరచాను. కావున తనిఖీ జరిపి, అనుమతిని లిఖితపూర్వకంగా ఇప్పించగలరు.”

చివరి వాక్యంలోని ‘లిఖితపూర్వకంగా’ అనే మాటను వదిలిపెట్టవద్దు. తనిఖీకి వచ్చినవారు నోటిమాటగా ఫరవాలేదని చెప్పి వెళ్లిన తరువాత వారు బదిలీ అయితే, మీ చేతిలో ఏమీ ఉండదు. అర్జీ ఇచ్చిన రోజే రసీదు నంబరు తీసుకోవాలి. ఎంతకీ కదలకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ నంబరుతో సహా విన్నవించవచ్చు. సమాచార హక్కు చట్టం కింద ఫైలు ఎక్కడుందో అడిగితే 30 రోజులలో జవాబు ఇవ్వవలసి ఉంటుంది.

మట్టికి కాగితం

కట్టడాల కోసం నేలను నింపడానికి, చదును చేయడానికి వాడే మామూలు మట్టిని కేంద్ర ప్రభుత్వం 2000 ఫిబ్రవరి 3 నాటి నోటిఫికేషన్‌తో చిన్నతరహా ఖనిజంగా ప్రకటించింది. కాబట్టి దానికి సీనరేజి (ఖనిజం తవ్వినందుకు ప్రభుత్వానికి కట్టే రుసుము) చెల్లించాలి, రవాణాకు గనుల శాఖ పర్మిట్ ఉండాలి. సొంత పొలం నుంచి తోలుకుందామనుకున్నా ఆ శాఖను అడగకుండా పొక్లెయిన్ దింపకండి. అక్రమంగా తవ్విన ఖనిజాన్ని తరలించే వాహనాన్ని గనుల చట్టం 21వ సెక్షన్ కింద స్వాధీనం చేసుకోవచ్చు. బేరం మాట్లాడేటప్పుడే క్వారీ పేరు, ప్రతి లోడుకు పర్మిట్ నకలు ఇవ్వాలనే షరతు కాగితం మీద పెట్టించండి. పర్మిట్ మీది బండి నంబరు, తేదీ మీ గుమ్మం ముందున్న బండితో సరిపోతున్నాయో లేదో దింపుకునే ముందే చూడాలి. కాగితం లేదు కనుక ధర తగ్గిస్తానన్న లోడును నిస్సంకోచంగా తిప్పి పంపండి.

కూల్చిన కట్టడాల రబ్బీసు, చెత్త కలిసిన మట్టి చవకగా వస్తాయి. చెత్తను నేలలో పూడ్చడం వ్యర్థాల నిర్వహణ నియమాలకు విరుద్ధం. పైగా లోపలి ప్లాస్టిక్, కర్ర కుళ్లిన కొద్దీ నేల కుంగుతుంది. గుంటూరు చుట్టుపక్కల దొరికే నల్లరేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చుతుంది, కాబట్టి ఇంటి కింద అది వద్దు. గ్రావెల్‌ను ఒకేసారి కుప్పగా పోయకుండా ముప్పావు అడుగు, అడుగు మందంతో పొరలుగా పరచి, నీళ్లు కొట్టి, రోలర్‌తో తొక్కించాలి.

పని వేసవిలో పెట్టుకోవడం మేలు. నగరంలో భారీ వాహనాలకు ట్రాఫిక్ పోలీసులు విధించిన వేళలను టిప్పర్ వారితో ముందే ఖరారు చేసుకోవాలి. కాలువ మీది పలకలు బండి బరువుకు విరగకుండా ఏఈ చెప్పిన చోటు నుంచే లోపలికి దింపించి, రోడ్డు మీద పడిన మట్టిని ఏ రోజుకారోజు ఎత్తించాలి.

మెరకకు ముందు, తరువాత తీసిన ఫోటోలు, అనుమతి పత్రం, లెవెల్ పటం, పర్మిట్ నకళ్లు ఒకే ఫైలులో పెట్టి, ఇంటి ప్లానుకు దరఖాస్తు చేసేటప్పుడు మీ ఇంజనీరుకు అందజేయండి. ఎన్ని అడుగుల మట్టి పోయించారో ఆయనకు తప్పనిసరిగా చెప్పాలి. ఎందుకంటే పునాది కొత్త మట్టి మీద ఆగకూడదు, దానిని దాటి కిందనున్న పాత గట్టి నేలలోకి దిగాలి, ఆ లోతును ఆయన లెక్కించేది మీరిచ్చిన ఆ కొలతను బట్టే.