రంగురంగుల పసిపాప గది: పాత సామానుతో, చేతి పనితో

బిడ్డ పుట్టకముందే కొత్త సామాను కొని ఇంట్లో పెట్టడం మన పెద్దవాళ్లలో చాలామందికి ఇష్టం ఉండదు. పుట్టిన బిడ్డకు మొదట చుట్టేది కూడా ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు బట్టే. పైగా తొలి కాన్పు పుట్టింట్లో జరిగే కుటుంబాలలో బిడ్డకు విడిగా గది ఉండడం అరుదు; అమ్మమ్మగారి పడకగదిలో ఒక మూల దొరికితే అదే పాప గది అవుతుంది. ఆ మూలను అలంకరించినా, పూర్తి గదిని అలంకరించినా పాటించవలసిన పద్ధతి ఒకటే. రంగులను ఇంట్లో ఉన్న ఒక పాత వస్త్రం నుంచి తీసుకోవాలి. ఏ వస్తువు బిడ్డ చేతికి అందవచ్చో, ఏది ఎప్పటికీ అందకూడదో పని మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. ఈ రెండో నిర్ణయం తీసుకోకుండా చేసిన అలంకరణ ఎంత అందంగా ఉన్నా దానిని నేను మెచ్చుకోలేను.

ముందుగా, కట్టడం మానేసిన నూలు చీరలను బీరువాలోంచి తీసి మంచం మీద పరిచి చూడండి. మంగళగిరి, వెంకటగిరి, నారాయణపేట చీర ఏదైనా సరే, ఒడలికి, అంచుకు, కొంగుకు నేతగాళ్లు ఎంచిన రంగులు ఒకదానితో ఒకటి ఇమిడి ఉంటాయి కనుక, రంగుల దుకాణంలో కార్డు పట్టుకుని తికమకపడే అవసరం ఉండదు. ఉదాహరణకు చీర ఒడలు పసుపు, అంచు కుంకుమ ఎరుపు, కొంగు చారలు చిలకపచ్చ అనుకుందాం. ఆ పసుపును బాగా పలచన చేసి ఒక్క గోడకు వేయించి, మిగిలిన మూడు గోడలను తెల్లగా వదిలేయండి; ఎరుపును ఒక పెట్టెకో పీటకో, పచ్చను చిన్న చిన్న వస్తువులకో ఉంచుకోండి. గోడ మొత్తం వేయించే ముందు రెండడుగుల మేర వేసి, దానిని పొద్దుటి వెలుతురులోనూ రాత్రి ట్యూబులైటు కింద కూడా చూడాలి, ఎందుకంటే ట్యూబులైటు వెలుగులో కొన్ని పసుపు ఛాయలు ఆకుపచ్చగా పాలిపోయినట్లు కనిపిస్తాయి. అప్పుడే పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త స్పష్టంగా కనిపిస్తుంది కనుక, మొదటి వారాలలో గోడ రంగు నిజానికి అర్ధరాత్రి లేచి పాలిచ్చే తల్లి కోసమే. ఆమె కళ్లకు హాయిగా ఉండే రంగునే ఎంచుకోండి.

రంగుల విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. మన దేశంలో ఇళ్లకు వేసే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నియమం 2017 నవంబరు 1 నుంచి అమలులో ఉంది. అంతకు ముందు రంగు వేసిన తలుపులు, ఊయలలు, కుర్చీల మీద పాత పొరలలో సీసం ఉండే అవకాశం ఉంది, ముఖ్యంగా ముదురు పసుపు, ఎరుపు ఎనామిల్ రంగులలో. అటువంటి వస్తువును పొడిగా ఉప్పుకాగితంతో రుద్దితే లేచే దుమ్మే అసలు ప్రమాదం. పెచ్చులూడుతున్న పాత రంగు ఉన్న వస్తువును పాప గదిలోకి తేకపోవడమే మేలు. గర్భిణి ఉన్న ఇంట్లో ఆ రంగు గీకే పని అసలే పెట్టుకోకూడదు. కొత్తగా వేసే రంగు నీటితో కలిపేది, డబ్బా మీద సీసం లేదని రాసి ఉన్నది అయి ఉండాలి. బిడ్డ ఆ గదిలో పడుకోవడానికి కనీసం ఒక నెల ముందే పని ముగించి, కిటికీలు తెరిచి ఉంచాలి.

పాత చీరలతో వచ్చే ప్రమాదం మరొకటి ఉంది, దానిని చాలామంది పట్టించుకోరు. ఏళ్ల తరబడి కలరా ఉండలు వేసి దాచిన బట్టలకు నాఫ్తలీన్ పట్టేస్తుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పిల్లలలో ఆ ఆవిరి ఎర్ర రక్తకణాలను దెబ్బతీసి తీవ్రమైన కామెర్లకు దారితీయగలదు, ఆ లోపం ఉన్నట్లు పుట్టినప్పుడు చూసి గుర్తుపట్టలేము. అందుచేత చీరలను వేడినీళ్లలో నానబెట్టి, కుంకుడు రసంతో ఒకటికి రెండుసార్లు ఉతికి, ఎర్రటి ఎండలో రోజుల తరబడి ఆరవేయండి. ఆ తరువాత కూడా వాసన మిగిలిన బట్టను పాప గదికి వాడవద్దు. బీరువాలో ఇకపై ఆ ఉండలకు బదులు ఎండిన వేపాకు వేసుకోవచ్చు.

ఇలా శుభ్రం చేసిన చీరలతో కుట్టే బొంత గదికంతటికీ ముఖ్యమైన వస్త్రం. జరీ అంచును, ఫాల్‌ను విప్పేసి, చిరుగులున్న చోట్లను తప్పించి, నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉండేలా నాలుగు పొరలు కత్తిరించుకోండి. మంచి రంగున్న ముక్కలను పైకి, కిందకి ఉంచి, వెలిసిపోయిన వాటిని లోపల వేయాలి. నాలుగు పొరలను నేల మీద ముడత లేకుండా పరిచి, మధ్య నుంచి అంచులవైపు పెద్ద పెద్ద టాకాలు వేసుకుంటే కుట్టేటప్పుడు జారవు. ఆ తరువాత లావు నూలు దారంతో, వేలెడు దూరంలో వరసలు వచ్చేలా, ఒక అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరుకోండి. దారం మరీ బిగించి లాగితే బొంత ముడుచుకుపోతుంది, మరీ వదిలేస్తే బిడ్డ వేళ్లు కుట్టులో ఇరుక్కుంటాయి. కుట్టు కింద గోరు దూరనంత బిగువు సరిపోతుంది. పూసలు, అద్దాలు, కుచ్చులు వద్దు. ఈ బొంత నేల మీద పరిచి బిడ్డను బోర్లా ఆడించడానికీ, గుడ్డలు మార్చడానికీ పనికివస్తుంది. ఏడాది నిండేవరకు నిద్రపోయే బిడ్డ పక్కన గానీ, మీద గానీ దానిని ఉంచకూడదు.

ఊయల మీద చిలకలు కట్టడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న ఆచారం, ఏ దుకాణపు బొమ్మా దానికి సాటి రాదని నా నమ్మకం. రవికె గుడ్డలలో మిగిలిన పేలికలతో అరచేయంత చిలకలు కత్తిరించి, రెండేసి ముక్కలను తిరగేసి కుట్టి, దూది కూరి మూయండి. ముక్కు ఎరుపు, రెక్క పచ్చ, కన్ను నల్లదారంతో వేసిన చుక్క అయితే చాలు. పూస కన్ను పెట్టకూడదు. పసి కంటికి ముదురు, లేత రంగుల మధ్య తేడా బాగా ఆనుతుంది కనుక, ఒకటి రెండు చిలకలను నలుపు తెలుపు గళ్ల గుడ్డతో కుట్టండి. గుత్తిని సరిగ్గా ముఖం మీద కాకుండా కాస్త పక్కకు, పొట్టి దారాలతో గట్టిగా కట్టాలి. మొదటి రెండు నెలలు ఒక అడుగు ఎత్తున ఉంచి, బిడ్డ చేతులు చాచడం మొదలుపెట్టగానే పైకి జరిపి, అయిదో నెల నాటికి, లేదా బిడ్డ బోర్లాపడి చేతుల మీద లేచే సమయానికి, ఏది ముందైతే అప్పుడు పూర్తిగా తీసేయాలి.

తాతల నాటి టేకు ఊయల అటక మీద ఉంటే అది అదృష్టమే. అయితే దించగానే వాడకూడదు. కర్రలో సన్నని రంధ్రాలు ఉండి, వాటి కింద మెత్తని పొడి రాలుతుంటే పురుగు లోపల ఉన్నట్లే; దానికి మందు కొట్టి పాపను పడుకోబెట్టడం కంటే ఆ ఊయలను పక్కన పెట్టడం మంచిది. పక్క కడ్డీల మధ్య సందు ఆరు సెంటీమీటర్లు మించకూడదు, మించితే బిడ్డ శరీరం జారి తల ఇరుక్కోవచ్చు. గొలుసు కొక్కేలు అరిగిపోయి సన్నబడితే కొత్తవి వేయించండి. ఇంటి కప్పుకున్న కొక్కేన్ని పరీక్షించడానికి, ఇరవై అయిదు కేజీల బియ్యం బస్తాను ఊయలలో పెట్టి ఒక రాత్రంతా వదిలేసి, పొద్దున కొక్కెం చుట్టూ సున్నం పగిలిందేమో చూడండి. బారసాల నాడు ఊయలను పూలతో, చీరతో ఎంతైనా ముస్తాబు చేయవచ్చు గానీ, వేడుక కాగానే అవన్నీ తీసి, చదునైన గట్టి పరుపు ఒక్కటే ఉంచి, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. దోమతెరను చీరతో చేయకండి, గాలి ఆడదు. కొన్న తెల్లటి తెరకే చీర అంచును చుట్టూ కుట్టుకుంటే గది రంగులలో అది కూడా కలిసిపోతుంది.

ఇనప ట్రంకు పెట్టెను బట్టలకు వాడుకోవచ్చు. తుప్పును నీళ్లతో తడుపుతూ ఉప్పుకాగితంతో రుద్ది, ఆరాక ప్రైమర్ ఒక పూత, మీద చీర అంచు ఎరుపు రెండు పూతలు వేయండి. బరువైన మూత చిన్న వేళ్ల మీద పడుతుంది, గొళ్లెం ఉంటే లోపల దూరిన బిడ్డ బయటకు రాలేదు. కాబట్టి మూతను బందులతో సహా విప్పేసి, పదునైన అంచులకు గుడ్డ పట్టీ చుట్టి, తెరిచిన పెట్టెగానే ఉంచండి.

బొమ్మల ఎంపికలో అందే చోటు, అందని చోటు అన్న విభజన బాగా కనిపిస్తుంది. ఏటికొప్పాక బొమ్మలను అంకుడు కర్రతో, తరిణి అనే కర్రను తిప్పి చెక్కే యంత్రం మీద తిప్పి, ఆ ఒరిపిడి వేడికి కరిగే లక్కతో పూస్తారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి తీసిన రంగులు అందులో కలుపుతారు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సహజ రంగుల కోసం కృషి చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది. అంచులు నున్నగా ఉండే ఈ బొమ్మలలో పెద్దవి, విడి భాగాలు లేనివి, సహజ రంగులేనని అమ్మేవారు చెప్పినవి బిడ్డ చేతికి ఇవ్వవచ్చు. మూడు సెంటీమీటర్ల కంటే సన్నని లక్కపిడతలు మాత్రం గొంతులో అడ్డుపడతాయి కనుక మూడేళ్లు దాటాకే ఇవ్వాలి. కొండపల్లి బొమ్మల సంగతి వేరు. తెల్ల పొణికి కర్ర తేలికైనది. చేతులు, తలలు విడిగా చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన మక్కుతో అతికిస్తారు కనుక నోట్లో పెట్టుకుంటే ఊడి వస్తాయి. వాటిని బిడ్డకు చూపించడానికి పై అరలో వరసగా నిలపండి. నిర్మల్ బొమ్మల చోటు కూడా అక్కడే.

చిలకకొయ్యను అయిదడుగుల ఎత్తున గోడకు బిగిస్తే తువాళ్లకు, బిడ్డ టోపీలకు చక్కగా ఉంటుంది. పాత ఫోటో ఫ్రేములలో అద్దం తీసి అక్రిలిక్ రేకు వేసి, ఊయల ఉన్న గోడకు కాకుండా ఎదుటి గోడకు తగిలించండి. పాత లాంతరులో ఎల్ఈడీ దీపం పెట్టుకోవచ్చు, కానీ బిళ్ల బ్యాటరీతో వెలిగేది మాత్రం వద్దు. అది మింగితే ప్రాణాంతకం. కుట్టు మిషను ఇనప స్టాండు మీద పలక వేసి బల్లగా వాడుకునేవారు తొక్కుడు పలకను, చక్రాన్ని విప్పేయాలి. ఆ బల్ల మీద బిడ్డ గుడ్డలు మార్చడం నాకు సమ్మతం కాదు, నేల మీది బొంతే క్షేమం.

ఏడెనిమిది నెలలకు బిడ్డ పాకడం మొదలుపెట్టగానే గదిలో మోకాళ్ల మీద ఒకసారి తిరిగి, ఆ ఎత్తు నుంచి చేతికి ఏమేమి దొరుకుతున్నాయో చూడండి. బీరువాను, అరలను ఇనప పట్టీలతో గోడకు బిగించి, వేలాడే తాళ్లను, తెరల కుచ్చులను కత్తిరించి, ముక్కాలి పీటను కిటికీ దగ్గర నుంచి తీసి అవతలి గదిలో పెట్టండి.