ఇంజిన్ ట్యూనింగ్ చేయించే ముందు వారంటీ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇంజిన్‌ను బయట ట్యూన్ చేయిస్తే, అంటే శక్తి పెరిగేలా దాన్ని నడిపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ను మార్పిస్తే, వారంటీ మొత్తం రద్దయిపోతుందని కొందరు, చట్టం అండగా ఉంది కాబట్టి ఏమీ కాదని మరికొందరు నమ్ముతారు. రెండు నమ్మకాలూ చివరకు యజమానికే నష్టం తెస్తాయి. సాధారణంగా క్లెయిమ్ ఒక్కొక్క భాగానికి విడిగా తేలుతుంది. చెడిపోయింది ఏ భాగం, అది చెడిపోవడానికి ట్యూనింగ్ కారణమా, ఆ సంగతిని ఎవరు ఏ ఆధారంతో చూపగలరు అన్నవే అక్కడ ప్రశ్నలు. అద్దాలు దించే మోటారు ఆగిపోతే ట్యూనింగ్‌తో దానికి సంబంధం ఉందని ఎవరూ వాదించలేరు. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో విరిగితే మాత్రం మొదటి అనుమానం ట్యూనింగ్ మీదికే వెళ్తుంది.

అందుచేత మొదట చేయవలసిన పని వారంటీ పుస్తకాన్ని తీసి, వర్తించని సందర్భాల భాగాన్ని మాట మాటా చదవడం. 'మార్పుల వల్ల కలిగిన లోపాలకు వారంటీ వర్తించదు' అని రాసి ఉండటానికీ, 'మార్పులు చేసిన వాహనాలకు వారంటీ వర్తించదు' అని రాసి ఉండటానికీ చాలా తేడా ఉంది. మొదటి వాక్యంలో కారణానికి చోటు ఉంది, రెండవ దానిలో లేదు. డబ్బు కట్టి తీసుకున్న ఎక్స్‌టెండెడ్ వారంటీ వేరే ఒప్పందం కనుక దాని పత్రాన్ని విడిగా చదవాలి. వాటిలో షరతులు తరచుగా మరింత కఠినంగా ఉంటాయి.

చట్టం పేరుతో ఎక్కువగా వినిపించేది అమెరికాలో 1975లో వచ్చిన మాగ్నుసన్–మాస్ వారంటీ చట్టం. తయారీదారు ఉచితంగా ఇవ్వకుండా, ఫలానా బ్రాండు విడిభాగాలే వాడాలని వారంటీకి షరతు పెట్టడాన్ని అది సాధారణంగా అనుమతించదు. బయటి భాగం అమర్చారన్న ఒక్క కారణంతో క్లెయిమ్‌ను తోసిపుచ్చకూడదన్న వాదనకు బలం అక్కడి నుంచే వచ్చింది. అయితే ట్యూనింగే నష్టానికి కారణమని తయారీదారు చూపగలిగితే ఆ చట్టం యజమానిని కాపాడదు. అది ఆ దేశానికే పరిమితం కూడా. మీరున్న చోట వినియోగదారుల చట్టం ఏం చెబుతుందో అదే మీకు వర్తిస్తుంది.

కారణం అన్న మాట ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే ట్యూనింగ్ ఏం మారుస్తుందో తెలియాలి. టర్బో ఇంజిన్‌లో ట్యూనర్ బూస్ట్ ఒత్తిడిని (టర్బో నెట్టే గాలి ఒత్తిడిని), ఇంధన పరిమాణాన్ని, పెట్రోల్ ఇంజిన్ అయితే ఇగ్నిషన్ టైమింగ్‌ను (స్పార్క్ పడే సమయాన్ని) సవరిస్తాడు. దానితో సిలిండర్ లోపలి ఒత్తిడి, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత, టర్బో వేగం పెరుగుతాయి. తక్కువ ఆర్‌పీఎం దగ్గరే టార్క్‌ను (ఇంజిన్ తిప్పే బలాన్ని) బాగా పెంచితే, డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజిన్లలో మిశ్రమం స్పార్క్ పడక ముందే అంటుకొని పిస్టన్ రింగులను పట్టి ఉంచే అంచులు విరిగే ప్రమాదం ఉంది. డీజిల్‌లో అదనపు ఇంధనం పూర్తిగా కాలకపోతే మసి పెరిగి, దాన్ని ఎగ్జాస్ట్‌లో పట్టే పార్టిక్యులేట్ ఫిల్టర్ మూసుకుపోతుంది. గేర్‌బాక్స్‌ను చాలామంది మరచిపోతారు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ వాడే డీక్యూ200 అనే ఏడు గేర్ల డ్రై క్లచ్ గేర్‌బాక్స్ 250 న్యూటన్ మీటర్ల టార్క్‌కు రూపొందింది. అదే సంస్థ 150 హార్స్‌పవర్ 1.5 టీఎస్‌ఐ ఇంజిన్ ఫ్యాక్టరీలోనే 250 ఇస్తుంది. అలాంటి జతకు టార్క్ పెంచి, ఆ తర్వాత గేర్‌బాక్స్ పోతే, కారణం గురించి తయారీదారుకు పెద్దగా వాదించవలసిన అవసరమే ఉండదు.

పాత సాఫ్ట్‌వేర్ ఫైలు తిరిగి ఎక్కించి సర్వీసుకు తీసుకెళ్తే ఎవరికీ తెలియదన్న ధైర్యం మీద ఆధారపడవద్దు. చాలా ఈసీయూలు (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్లు) తమలో ఎన్నిసార్లు సాఫ్ట్‌వేర్ రాశారో లెక్క ఉంచుతాయి. స్టాక్ ఫైలు (ఫ్యాక్టరీ అసలు ఫైలు) వేసినప్పుడు ఆ లెక్క తగ్గదు, ఇంకొకటి పెరుగుతుంది. క్యాలిబ్రేషన్ (సాఫ్ట్‌వేర్‌లోని విలువలు) నుంచి లెక్కగట్టే సీవీఎన్ అనే సంఖ్య అసలు ఫైలుకు ఉండవలసిన సంఖ్యతో సరిపోకపోతే మార్పు బయటపడుతుంది. ఫోక్స్‌వ్యాగన్, ఆడి డీలర్ల వ్యవస్థలో అలా దొరికిన కారుకు టీడీ1 అనే గుర్తు పడుతుంది; ఆ తర్వాత ఇంజిన్, గేర్‌బాక్స్ క్లెయిములు కష్టమవుతాయి. సెన్సర్ తీగల మధ్య తగిలించి సంకేతాలను మార్చే పిగ్గీబ్యాక్ బాక్సు ఈసీయూలో ఫైలును మార్చదు, నిజమే. కానీ అధిక వేడికి కరిగిన పిస్టన్, దెబ్బతిన్న టర్బో బ్లేడు తమ కథ తామే చెబుతాయి. అన్నింటికీ మించి, ట్యూనింగ్ లేదని అబద్ధం చెప్పి క్లెయిమ్ చేయడం మోసం కిందికి వస్తుంది. న్యాయమైన క్లెయిమ్‌ను కూడా అది పాడుచేస్తుంది.

ఇవన్నీ తెలిసి కూడా ట్యూన్ చేయించాలనుకుంటే ముందు తయారీదారు ఆమోదించిన మార్గం ఉందేమో చూడండి. వోల్వో అమ్మిన పోల్‌స్టార్ ఆప్టిమైజేషన్ ఫ్యాక్టరీ వారంటీని నిలుపుతూనే శక్తిని పెంచేది. అలాంటిది లేకపోతే, పని మొదలుపెట్టక ముందే కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లు ఒత్తిడిని ఎంత నిలుపుతున్నాయో చూసే పరీక్ష) చేయించి ఫలితాలు దాచుకోండి, ఎర్రర్ కోడ్‌లు లేవన్న స్కాన్ రిపోర్టు తీసుకోండి, స్టాక్ ఫైలు ప్రతిని అడిగి తీసుకోండి. ఏయే విలువలు ఎంత మార్చారో, ఇంజిన్ దెబ్బతింటే తన బాధ్యత ఎంతవరకో ట్యూనర్ చేత రాయించుకోండి. రాసి ఇవ్వడానికి వెనకాడే ట్యూనర్ చేతికి బండి ఇవ్వకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. బీమా సంస్థకు తెలియజేయడం కూడా ఈ దశలోనే జరగాలి. పార్టిక్యులేట్ ఫిల్టర్ తొలగించడం, ఈజీఆర్ (కొంత ఎగ్జాస్ట్ వాయువును తిరిగి ఇంజిన్‌లోకి పంపే అమరిక) మూసివేయడం వంటివి అనేక దేశాలలో చట్టవిరుద్ధం కనుక వాటి జోలికే పోవద్దు.

సర్వీసుకు ఇచ్చేటప్పుడు, అనుమతి లేకుండా ఈసీయూ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయవద్దని జాబ్ కార్డులో రాయించండి. అప్‌డేట్ చేస్తే ట్యూన్ చెరిగిపోవచ్చు. అయితే భద్రతకు సంబంధించిన రీకాల్ పని అయితే దానిని ఆపకండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే నోటిమాటతో వెనుదిరగవద్దు. ఏ భాగం, ఏ షరతు కింద, ఏ పరీక్ష ఆధారంగా తిరస్కరించారో రాతపూర్వకంగా అడగండి. డీలర్ మాటతో సరిపెట్టుకోకుండా తయారీదారు కస్టమర్ విభాగానికి రాయండి. అక్కడా తేలకపోతే స్వతంత్ర నిపుణుడి చేత పరీక్ష చేయించి వినియోగదారుల వేదికకు వెళ్లవచ్చు. అప్పటివరకు విప్పిన భాగాన్ని పారవేయనివ్వకండి, శుభ్రం చేయనివ్వకండి. ఫొటోలు తీసి, సీలు వేయించి మీ దగ్గర పెట్టుకోండి.