వాన నీళ్లు తాగే వాకిలి – 3వ పాఠం: గొయ్యి, గుడ్డ, కంకర

వాన నీళ్లు సందుల్లోంచి దిగి కిందే ఇంకేలా వాకిట్లో కంకర మీద బ్లాకులు పరిచే పని మనది. నేల ఎంత ఇంకిస్తుందో తెలియడానికి పోయిన పాఠంలో చెప్పిన నీళ్ల పరీక్ష చేశారా? అడుగు వెడల్పు గుంత తవ్వి, నిండా నీళ్లు పోసి, రాత్రంతా నాననిచ్చి, మర్నాడు మళ్లీ నింపి గంటకి ఎంత దిగిందో స్కేలుతో కొలవమన్నాను. మొదటి రోజు లెక్క ఎందుకు వద్దన్నానో గుంటూరు వాళ్లకి విడిగా చెప్పనక్కర్లేదు. మన నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చి ఉంటుంది. మొదట పోసిన నీళ్లు ఆ నెర్రెల్లోకి గుటగుటా దిగిపోతాయి. అది చూసి నేల బాగా ఇంకిస్తోందనుకుంటే మోసపోతాం. తడిసి ఉబ్బాక నెర్రెలు మూసుకుంటాయి. అప్పుడు దిగేదే అసలు లెక్క. గంటకి అర అంగుళం దిగితే నిశ్చింత. అంతకన్నా తక్కువైతే అడుగున పైపు వేయాలి, దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇక గొయ్యి. ముందు సున్నంతో గుర్తు పెట్టుకోండి. ఇంటి పునాదికి పది అడుగుల దూరం ఉంటే మంచిది. మన ఇళ్ల స్థలాల్లో అంత జాగా దొరకదు కాబట్టి, దగ్గరికి రావలసివస్తే గోడ వైపు గొయ్యి అంచుకి మందపాటి పాలిథిన్ షీటు నిలువుగా దించండి. పునాది పక్కన రేగడి నాని ఉబ్బి, ఎండి కుంగుతూ ఉంటే గోడలు బీటలిస్తాయి.

ఇంకో మాట ఇంట్లో ఆడవాళ్లని అడిగి తేల్చుకోండి: కళ్లాపి ఎక్కడ చల్లుతారు, ముగ్గు ఎక్కడ పెడతారు? పేడనీళ్లూ ముగ్గుపిండీ రోజూ పడితే బ్లాకుల మధ్య సందులు కొన్నాళ్లకే పూడుకుపోతాయి. గుమ్మం ముందు మూడడుగుల పట్టీని ఈ పని నుంచి మినహాయించి, అక్కడ మామూలు బండలే పరిపించండి. వాకిట్లో ముగ్గు లేకుండా మనకి కుదరదు.

కారు వచ్చే చోట లోతు పదిహేడు అంగుళాలు. అడుగున 40 ఎంఎం కంకర ఎనిమిది అంగుళాలు, దాని మీద 20 ఎంఎం నాలుగు, చిప్స్ (సన్న కంకర) రెండు, పైన 80 ఎంఎం బ్లాకు. నడకదారికి 60 ఎంఎం బ్లాకు చాలు, కంకర కూడా మొత్తం ఆరేడు అంగుళాలు సరిపోతుంది. వాకిలి పదడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడవు అనుకుంటే 40 ఎంఎం రెండు యూనిట్లు (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు), 20 ఎంఎం ఒకటి, చిప్స్ అర యూనిట్. దిమ్మిస కొడితే అణుగుతుంది కాబట్టి కొంచెం ఎక్కువే చెప్పండి.

ఇంత రాయి ఎందుకంటారా? కంకర రాళ్ల మధ్య ఖాళీ నూటికి నలభై వంతులు దాకా ఉంటుంది. అడుగు మందం కంకరలో దాదాపు 120 మిల్లీమీటర్ల వాన నీరు ఇముడుతుంది. ఆ మూడొందల చదరపు అడుగుల మీద 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే సుమారు 2,800 లీటర్లు. అవన్నీ వీధిలోకి పోకుండా మీ వాకిలి కిందే ఆగి, నెమ్మదిగా ఇంకుతాయి. అంటే పైన కనిపించే బ్లాకు మూత లాంటిది, తొట్టి కింద ఉంది.

ఆ తొట్టిని పాడుచేసేది డస్ట్, అంటే రాతి పొడి. మా ఇంట్లో మొదటిసారి ఈ పని చేయించినప్పుడు నాకు ఇది తెలియదు. మేస్త్రీ అలవాటు ప్రకారం బ్లాకుల కింద క్వారీ డస్ట్ పరిచాడు, నేను చూస్తూ ఊరుకున్నాను. మొదటి పెద్ద వానకే పోర్టికో మెట్టు దాకా నీళ్లు నిలిచాయి. మర్నాడు ఒక బ్లాకు పైకి లేపి చూస్తే కింద డస్ట్ తడిసి మెత్తిన సున్నంలా గట్టిపడి ఉంది. గోటితో గీస్తే గీత పడింది తప్ప చుక్క నీరు కిందకి దిగలేదు. మొత్తం పీకి మళ్లీ వేయించాం. అందుకే బేరం ఆడేటప్పుడే మేస్త్రీకి చెప్పండి: డస్ట్, ఇసుక, రోబో శాండ్ (రాయి నలగ్గొట్టి చేసిన ఇసుక) ఏదీ వద్దు.

కంకరలో కూడా క్రషర్ దుమ్ము అంటుకుని వస్తుంది. ట్రక్కు దిగగానే గాజు సీసాలో గుప్పెడు రాళ్లు వేసి, నీళ్లు పోసి ఊపి చూడండి. నీళ్లు కొద్దిగా మసకబారితే పర్వాలేదు. కుడితినీళ్లలా అయితే పరిచేముందు పైపుతో కడిగించాల్సిందే. గులకరాళ్లు చవకగా ఇస్తామన్నా తీసుకోకండి. కోణాలున్న రాయి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది, గుండ్రటిది కారు చక్రం కింద జారుతుంది.

తవ్విన గొయ్యి అడుగుని చదును చేయండి, కానీ తడిగా ఉన్నప్పుడు తొక్కవద్దు. రేగడి తొక్కుడుకి పిండిలా మెదిగి, ఉన్న కాస్త ఇంకుడూ పోతుంది. దాని మీద జియో టెక్స్‌టైల్ గుడ్డ పరవండి. తాకితే కంబళిలా మెత్తగా ఉండే రకం అడగండి. నీళ్లు దాని గుండా దిగుతాయి, మట్టి మాత్రం కంకరలోకి ఎక్కదు. గోనెసంచులు కుళ్లిపోతాయి, ప్లాస్టిక్ పట్టా నీటిని ఆపేస్తుంది, రెండూ వద్దు. అతుకుల దగ్గర అడుగు మేర ఒకదాని మీద ఒకటి వేసి, పక్కలకి కూడా పైదాకా ఎత్తండి.

పరీక్షలో నీళ్లు నెమ్మదిగా దిగినవాళ్లు ఇప్పుడే గుడ్డ మీద నాలుగంగుళాల చిల్లుల పీవీసీ పైపు పెట్టాలి. బయట మూతి కాలువ మట్టం కన్నా పైన ఉందో లేదో ముందే నీళ్లు నింపిన లెవల్ పైపుతో చూసుకోండి. వీధి కాలువ ఎత్తుగా ఉంటే, వాన రోజున దాని నీళ్లే వెనక్కి తన్ని మీ కంకరలోకి వస్తాయి. అలాంటప్పుడు పైపుని ఇంకుడు గుంతలోకి కలపడమే దారి.

40 ఎంఎం కంకరని ఒకేసారి పోయకుండా నాలుగేసి అంగుళాల చొప్పున రెండు వరసలుగా పోసి, ప్రతిదాన్నీ అద్దెకు తెచ్చిన ప్లేట్ కాంపాక్టర్‌తో (అదురుతూ అణిచే యంత్రంతో) అణచండి. తర్వాత 20 ఎంఎం, అదీ అంతే. తవ్విన గొయ్యిని వానకి వదిలేయొద్దు, బురద చేరితే తవ్విన పనంతా మళ్లీ చేయాలి.

చిప్స్ అప్పుడే పరచకండి, అది నాలుగో పాఠం. 20 ఎంఎం పూర్తయ్యాక పది బిందెల నీళ్లు ఒకే చోట గుమ్మరించి చూడండి. రాళ్ల మీద మడుగు కట్టకుండా వెంటనే మాయమవ్వాలి. ఎక్కడైనా ఆగితే అక్కడ డస్ట్ ముద్ద ఉందన్నమాట. ఆ చోటే తీసి, కడిగి, మళ్లీ పోయండి.